ఎన్‌క్లెక్స్ రాసి వచ్చిన భార్య నిద్రపోవడం లేదు, నేనేం చేయాలి? ఒక భర్త ప్రశ్నకు నా సమాధానం

తమ్ముడూ, మీరు రాసిన విషయం క్లుప్తంగా ఇది. మీ భార్య హైదరాబాద్‌లో ఐసీయూ నర్సుగా పనిచేశారు. పెళ్లయ్యాక హెచ్-4 వీసా (భర్త ఉద్యోగ వీసా మీద ఆధారపడిన వీసా) మీద డాలస్ వచ్చారు. ఇంట్లో కూర్చుని చదివి, అమెరికాలో నర్సు లైసెన్సుకు రాయవలసిన పరీక్ష ఎన్‌క్లెక్స్-ఆర్‌ఎన్ గురువారం రాశారు. ప్రశ్నలు చివరి హద్దు అయిన 150 వరకూ వెళ్లాయి. అప్పటి నుంచి ఆమెకు అన్నం సహించడం లేదు, రాత్రంతా ఫోనులో ఫలితం వెతుకుతున్నారు. మీరు “తప్పకుండా పాసవుతావు” అంటే కోప్పడి వేరే గదిలోకి వెళ్లిపోతున్నారు. తర్వాత ఏం మాట్లాడాలో మీకు తెలియడం లేదు.

నేను ఈ దేశంలో చాలా ఏళ్లుగా నర్సుగా పనిచేస్తున్నాను. మన రాష్ట్రాల నుంచి వచ్చిన అమ్మాయిలను ఈ పరీక్షకు సిద్ధం చేస్తూ ఉంటాను. పరీక్ష ముందు వారాలకంటే పరీక్ష తర్వాతి రోజులే వాళ్లను ఎక్కువగా కుంగదీయడం చూశాను. చదివేటప్పుడు చేతిలో పని ఉంటుంది. రాసి వచ్చాక చేయగలిగింది ఏమీ ఉండదు, కానీ మనసు మాత్రం ఇంకా ఆ పరీక్ష హాలులోనే తిరుగుతూ ఉంటుంది.

మొదట ఆమె కోపం సంగతి. “పాసవుతావు” అన్న మాటకు ఆమె కోప్పడటంలో న్యాయం ఉంది. తాను పాసవుతానో లేదో మీకు తెలియదని ఆమెకు తెలుసు. ఆ మాట వినగానే, తన భయం వినడానికి మీకు ఓపిక లేదని ఆమెకు అనిపిస్తుంది. పైగా, ఒకవేళ ఫెయిలైతే ఫలితంతో పాటు మీ నమ్మకాన్ని కూడా వమ్ము చేశానన్న బాధ ఆమె నెత్తిన పడుతుంది. కాబట్టి ఫలితం గురించి మీరు ఏ జోస్యమూ చెప్పకండి, మంచిదైనా సరే. “నాకూ తెలియదు, తెలిసేదాకా నీ పక్కనే ఉంటాను” అనండి. ఈ మాటలో అబద్ధం లేదు కాబట్టి ఆమె దీన్ని కొట్టిపారేయలేదు.

ఇక, పరీక్ష రాసినవారు దాదాపు అందరూ “నేను ఫెయిలయ్యాను” అని ఎందుకు అనుకుంటారో మీరు తెలుసుకోవాలి. కారణం ఆ పరీక్ష నిర్మాణంలోనే ఉంది. ఎన్‌క్లెక్స్ 1994 నుంచి కంప్యూటర్ మీద, అభ్యర్థి స్థాయిని బట్టి మారుతూ వెళ్లే పద్ధతిలో జరుగుతోంది. ఒక ప్రశ్నకు జవాబు ఇచ్చిన ప్రతిసారీ యంత్రం ఆమె సామర్థ్యాన్ని మళ్లీ అంచనా వేస్తుంది. ఆ అంచనాకు తగ్గట్టు, ఆమె సరిగ్గా చెప్పే అవకాశం సుమారు సగమే ఉండే ప్రశ్నను తర్వాత తెస్తుంది. సరిగ్గా చెబితే ఇంకా కష్టమైనది వస్తుంది. అంటే ఎంత చదివినవారైనా సగానికి సగం తడబడేలా దాన్ని తయారు చేశారు. మన నర్సింగ్ కాలేజీల్లో తెలిసినవి ముందు రాసి, తెలియనివి చివరికి వదిలి, మళ్లీ వెనక్కి వచ్చి సరిచూసుకునే అలవాటు మనది. ఇక్కడ ఒక్క ప్రశ్ననూ వదలడానికి వీల్లేదు, వెనక్కి వెళ్లడానికీ వీల్లేదు. చదువులో ఎప్పుడూ ముందున్న అమ్మాయికి ఐదు గంటల సేపు వరసగా “నాకు రాదు, నాకు రాదు” అనిపించడం జీవితంలో ఇదే మొదటిసారి కావచ్చు. ఆమె ఇప్పుడు మోస్తున్నది ఆ ఐదు గంటల అనుభవాన్ని. దాన్ని ఫలితం అనుకుని భయపడుతున్నారు.

150 ప్రశ్నల విషయం కూడా చెబుతాను, ఎందుకంటే ఆమె భయం ఎక్కువగా ఆ అంకె చుట్టూనే ఉంది. కనీసం 85, గరిష్ఠంగా 150 ప్రశ్నలు వస్తాయి. 85 పూర్తయ్యాక, అభ్యర్థి స్థాయి ఉత్తీర్ణత గీతకు పైన ఉందనో కింద ఉందనో 95 శాతం నమ్మకంగా తేలిన క్షణంలో యంత్రం ఆగిపోతుంది. ఆమె స్పష్టంగా కింద ఉండి ఉంటే ముందే ఆగేది. స్పష్టంగా పైన ఉన్నా ముందే ఆగేది. 150 దాకా వెళ్లిందంటే ఆమె గీతకు దగ్గరగా ఉన్నారని మాత్రమే అర్థం. అలా వెళ్లినప్పుడు చివరి అంచనా గీతకు పైన ఉంటే పాస్, లేకపోతే ఫెయిల్. 150 దాకా వెళ్లి పాసైనవారూ ఉన్నారు, ఫెయిలైనవారూ ఉన్నారు. 85 దగ్గర ఆగినవారి సంగతీ అంతే. ఈ విషయం ఆమెకు ఒక్కసారి, ప్రశాంతంగా ఉన్నప్పుడు చెప్పండి. ఓదార్పుగా పదేపదే వాడితే దానికీ జోస్యం రంగు వచ్చేస్తుంది.

ఇంకొక సంగతి. ఆమె ఇప్పుడు ఒక్కో ప్రశ్ననూ గుర్తు తెచ్చుకుని పుస్తకంలో వెతుకుతూ ఉండవచ్చు. వచ్చిన ప్రశ్నల్లో 15 అసలు లెక్కలోకి రావు. భవిష్యత్తు పరీక్షల కోసం వాటిని ప్రయోగాత్మకంగా పెడతారు, అవి ఏవో బయటికి కనిపించదు. అలాగే 2023 ఏప్రిల్‌లో కొత్త తరహా పరీక్ష వచ్చినప్పటి నుంచి, అనేక జవాబులు ఎంచుకోవలసిన ప్రశ్నల్లో పాక్షిక మార్కులు ఉన్నాయి. “ఒక్కటి వదిలేశాను, ప్రశ్న మొత్తం పోయింది” అన్న బాధ పాత పద్ధతి నాటిది. తప్పు చేశానని ఆమె కుమిలిపోతున్న ప్రశ్న అసలు లెక్కలోనే లేనిది కావచ్చు. ఇంట్లో కూర్చుని ఈ లెక్క తేల్చడం ఎవరివల్లా కాదు.

“ఏ ప్రశ్నలు వచ్చాయి?” అని మీరు కూడా అడగకండి. ఆసక్తితోనైనా, సాయం చేద్దామనైనా వద్దు. పరీక్షలోని ప్రశ్నలు ఎవరికీ చెప్పనని ఆమె అంగీకరించి వచ్చారు. వాట్సాప్, టెలిగ్రామ్ గుంపుల్లో ‘రీకాల్స్’ పేరుతో ప్రశ్నలు పంచుకుంటూ ఉంటారు. వాటిలో మీ భార్య నోరు విప్పితే ఫలితం నిలిచిపోయే ప్రమాదం, లైసెన్సు దాకా పోయే ప్రమాదం ఉన్నాయి. ఆ గుంపులను ఈ కొద్ది రోజులు మ్యూట్ చేయమని మెల్లగా చెప్పండి. అక్కడ “నాకు 85 దగ్గర ఆగింది, పాస్” అన్న సందేశం ఒకటి చూస్తే చాలు, ఆమె ఆ రాత్రి ఇక కళ్లు మూయలేరు.

రాత్రంతా ఫోనులో ఫలితం వెతుకుతున్నారన్నారు. ఆమె ప్రయత్నిస్తున్నది బహుశా ‘పియర్సన్ వ్యూ ట్రిక్’ అనే చిట్కా. పియర్సన్ వ్యూ అంటే ఈ పరీక్షను నిర్వహించే సంస్థ. పరీక్షకు మళ్లీ నమోదు చేసుకోవడానికి ప్రయత్నించి, కంప్యూటర్ అడ్డుచెబితే పాస్ అనీ, కార్డు నుంచి డబ్బు తీసుకునేదాకా వెళ్తే ఫెయిల్ అనీ అభ్యర్థుల మధ్య ప్రచారం ఉంది. దాన్ని ఫలితంగా ఎవరూ గుర్తించరు. పరీక్ష ఫీజు 200 డాలర్లు నిజంగానే కోత పడే అవకాశం ఉంది. అది చూపించిన సందేశాన్ని నమ్మి రెండు రోజులు పండగ చేసుకున్నా, రెండు రోజులు ఏడ్చినా, అసలు ఫలితం దానికి ఎదురుగా వస్తే మనిషి కోలుకోవడం కష్టం. ఆమె ఇప్పటికే ప్రయత్నించి ఉంటే మందలించకండి. ఆ స్థితిలో ఉన్నవారు చేసే పనే అది. “ఇక మీదట ఇద్దరం కలిసే చూద్దాం” అనండి, చాలు.

అసలు ఫలితం వచ్చే దారులు రెండే. పరీక్ష కేంద్రంలో ఎవరికీ ఫలితం చెప్పరు. కేంద్రంలో ఒకసారి లెక్కించిన మార్కులను పియర్సన్ వ్యూ దగ్గర మళ్లీ సరిచూస్తారు. అధికారిక ఫలితం, లైసెన్సు ఇచ్చే రాష్ట్ర నర్సింగ్ బోర్డు నుంచే రావాలి, దానికి కొన్ని వారాలు పట్టవచ్చు. ఈలోగా చాలా రాష్ట్రాల బోర్డులు ‘క్విక్ రిజల్ట్స్’ అనే సదుపాయాన్ని అనుమతిస్తాయి. రెండు పని దినాలు గడిచాక కొద్దిపాటి రుసుము కట్టి అనధికారిక ఫలితం చూసుకోవచ్చు. ఆమె గురువారం రాశారు. శని, ఆదివారాలు పని దినాలు కావు కాబట్టి సోమవారం లోపు అది కనిపించే అవకాశం లేదు. శనివారం అర్ధరాత్రి ఎన్నిసార్లు వెతికినా అక్కడ ఏమీ ఉండదు. ఈ ఒక్క మాట ఆమెకు స్పష్టంగా తెలిస్తే వారాంతం రెండు రాత్రులైనా కొంత తేలికపడతాయి. ఇంకా కుదిరితే ఇద్దరూ ఒక ఒప్పందానికి రండి. సోమవారం ఏ వేళకు చూడాలి, ఎవరి ఫోనులో చూడాలి, మొదట ఎవరు చదవాలి అని. కొందరికి తామే చూడాలని ఉంటుంది, కొందరు భర్తను చూసి చెప్పమంటారు. ఆమె ఏది కోరుకుంటే అది. మీరు ఆఫీసులో మీటింగులో ఉన్న సమయం మాత్రం పెట్టుకోకండి. వీలైతే ఆ పూట ఇంట్లో ఉండండి.

ఇప్పుడు మీరు ప్రశ్నలో ఒక్క వాక్యంతో దాటేసిన విషయానికి వస్తాను. నా లెక్కలో ఇదే అసలు విషయం. హైదరాబాద్‌లో ఆమె ఐసీయూలో పనిచేశారు. వెంటిలేటర్ మీద ఉన్న రోగిని రాత్రంతా కనిపెట్టుకుని ఉన్న మనిషి. డ్యూటీలో ఆమె చెప్పిన మాట మీద డాక్టరు లేచి వచ్చేవారు. సొంత జీతం ఉండేది. తల్లిదండ్రులకు ఎంతో కొంత పంపేవారు. ఇక్కడికి వచ్చాక ఆమె వీసా కాగితం మీద ఉన్న గుర్తింపు ఒక్కటే, మీ మీద ఆధారపడిన భార్య. కారు నడపడం నేర్చుకోవడం దగ్గరి నుంచి బ్యాంకు ఖాతా దాకా ప్రతిదానికీ మిమ్మల్ని అడగవలసి వచ్చింది. ఈ పరీక్ష పాసైతే ఆమె మళ్లీ నర్సు అవుతారు. పాస్, ఫెయిల్ అన్న మాటల వెనక ఆమెకు వినిపిస్తున్న ప్రశ్న “నేను మళ్లీ నేను అవుతానా” అనేది. “పరీక్షే కదా, పోతే మళ్లీ రాయవచ్చు” అని మీరు అన్నప్పుడు ఆమెకు గుండె కలుక్కుమనడానికి కారణం ఇదే. “నాకు జీతం వస్తోందిగా, నీకెందుకు దిగులు” అన్న మాట ఇంకా లోతుగా గుచ్చుకుంటుంది. మంచి మనసుతో అన్నా సరే, అది ఆమె భయాన్ని నిజం చేసే మాట.

దాని బదులు ఆమె పని గురించి అడగండి. పరీక్ష గురించి వద్దు. ఐసీయూలో మొదటి రాత్రి డ్యూటీ ఎలా గడిచింది, ఏ రోగి ఇంటికి నడిచి వెళ్లడం చూసి సంతోషపడింది, ఏ సీనియర్ సిస్టర్ దగ్గర ఏం నేర్చుకుంది. మీకు వినే ఓపిక ఉంటే ఆమె చెబుతారు. పెళ్లయి ఇన్నాళ్లయినా ఆమె వృత్తి గురించి మీకు తెలియనిది చాలా ఉందని గ్రహిస్తారు. ఇది ఆమె మనసును మళ్లించడానికి వేసే ఎత్తు అనుకోకండి. తాను ఎవరో ఆమెకు గుర్తు చేసే మనిషి ఆ ఇంట్లో మీరు ఒక్కరే.

ఈ రెండు మూడు రోజులు ఇల్లు ఎలా నడపాలంటే, ఆమెను ఏమీ అడగకుండా నడపండి. “ఏం తింటావు?” అనే ప్రశ్న కూడా ఆందోళనలో ఉన్నవారికి భారమే. అన్నం వండి, చారు పెట్టి, పెరుగు కలిపి పక్కన పెట్టండి. నాలుగు ముద్దలు తిన్నా చాలు. మధ్యాహ్నం దాటాక కాఫీ, టీ తగ్గించండి. సాయంత్రం ఎండ తగ్గాక కాసేపు బయట నడవండి, మాట్లాడకపోయినా ఫర్వాలేదు. రాత్రి ఫోను వేరే గదిలో ఛార్జింగ్‌కు పెట్టండి. ఆమె ఫోను ఒక్కటే అయితే శిక్షలా ఉంటుంది, మీది కూడా పెట్టండి. ఊళ్లో కొనుక్కుని సూట్‌కేసులో తెచ్చుకున్న నిద్ర మాత్రలు, ఆందోళన మాత్రలు కొన్ని ఇళ్లలో ఉంటాయి. డాక్టరును అడగకుండా వాటి జోలికి వెళ్లవద్దు. గుండె దడదడలాడి ఊపిరి అందనట్టు అనిపించినప్పుడు నెమ్మదిగా ఊపిరి బయటికి వదలడం మేలు చేస్తుంది. కానీ ఒక ఐసీయూ నర్సుకు మీరు ఆ పాఠం చెప్పకండి. పక్కన కూర్చుని మీరు అలా ఊపిరి తీస్తూ ఉంటే ఆమెకు తెలియకుండానే అందుకుంటారు.

ఏడుపు వస్తే ఆపవద్దు. ఒకే భయాన్ని పది రకాలుగా చెబితే పదిసార్లూ వినండి, కానీ ప్రతిసారీ సమాధానం వెతకకండి. “అవును, కష్టంగానే ఉంది” అంటే సరిపోతుంది. రోజంతా అదే మాట నడుస్తుంటే, సాయంత్రం ఒక అరగంట దానికోసమే పెట్టుకుందామని అడిగి చూడండి. ఆ సమయంలో మీరు ఫోను పట్టుకోకుండా ఆమె ఎదురుగా కూర్చోవాలి.

ఊరి నుంచి వచ్చే ఫోన్ల బాధ్యత పూర్తిగా మీదే. మనవాళ్లు ప్రేమతోనే అడుగుతారు. ఫలితం వచ్చిందా, ఏమైంది, పక్కింటివాళ్ల కోడలు మొదటిసారే పాసైందట, మేము వెంకన్నకు మొక్కుకున్నాం అని. ఒక్కో ఫోనుకూ ఆమె గాయం మళ్లీ రేగుతుంది. మీ అమ్మగారికీ, అత్తగారికీ మీరే ముందుగా ఫోను చేసి “ఫలితం రాగానే మేమే చెబుతాం, అప్పటిదాకా ఆ మాట ఎత్తకండి, మామూలు కబుర్లు చెప్పండి” అనండి. ముఖ్యంగా మీ వైపు బంధువులకు మీరే చెప్పాలి. కోడలు చెబితే పొగరు అనుకుంటారు, కొడుకు చెబితే వింటారు. ఇది న్యాయం కాకపోయినా మన ఇళ్లలో ఉన్న సంగతి.

మీకూ భయంగా ఉండి ఉంటుంది. క్రెడెన్షియల్ (చదువు, లైసెన్సు పత్రాల) పరిశీలనకు, కోచింగ్‌కు, పరీక్షకు పెట్టిన ఖర్చు, ఒక్క జీతంతో నడుస్తున్న అద్దె, మీ వీసా గడువు. ఆ దిగులు చెప్పుకోవడానికి ఒక స్నేహితుణ్నో అన్నయ్యనో చూసుకోండి. ఈ వారం అది ఆమె దగ్గర పెట్టవద్దు.

పరీక్ష ఆందోళన సాధారణంగా ఫలితంతో సద్దుమణుగుతుంది. అలా కాకుండా అసలు ఏమీ తినకపోవడం, వరసగా రాత్రుళ్లు నిద్ర లేకపోవడం, ఉన్నట్టుండి ఊపిరాడనంత భయం మళ్లీ మళ్లీ రావడం, ఫలితం వచ్చాక కూడా వారాల తరబడి అలాగే ఉండటం కనిపిస్తే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. మీ ఆఫీసు ఇన్సూరెన్సులో ఆమె ఉంటే మానసిక వైద్యానికి కూడా అది వర్తిస్తుందో లేదో ఈరోజే చూసి పెట్టుకోండి. “చికిత్స తీసుకుంటే లైసెన్సు రాదేమో” అని భయపడి దాచుకునే నర్సులను నేను చూశాను. ఆ భయంతో వైద్యం మానుకోవద్దు. రాష్ట్ర బోర్డు దరఖాస్తులో అడిగిన ప్రశ్నను అక్షరం అక్షరం చదివి, నిజం రాస్తే సరిపోతుంది. “నేను ఉండి ఏం లాభం”, “నేను లేకపోతే నీకు హాయి” లాంటి మాటలు వినిపిస్తే ఫలితం కోసం ఆగకండి. ఆమెను ఒంటరిగా వదలకండి. చావు గురించి ఆలోచిస్తున్నావా అని సూటిగా అడగండి. అలా అడగడం వల్ల కొత్తగా ఆ ఆలోచన పుట్టదు. అమెరికాలో ఆత్మహత్య ఆలోచనలు వచ్చినవారికి సాయపడే 988 నంబరుకు ఏ వేళనైనా ఫోను చేయవచ్చు, అనువాదకుల సాయం అడగవచ్చు. ప్రాణాపాయం కనిపిస్తే 911. ఇది చదివే ఇతరులు భారత్‌లో ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలీ మానస్ నంబరు 14416, అక్కడ తెలుగులో మాట్లాడతారు.

పాసైతే పెద్దగా చెప్పాల్సింది లేదు. అయితే ఆ రోజు ఆమె గంతులు వేయకపోతే ఆశ్చర్యపోకండి. నెలల తరబడి బిగబట్టుకున్న శరీరం ఒక్కసారిగా నీరసపడుతుంది, కొందరు రెండు రోజులు నిద్రపోతారు. ఉద్యోగ దరఖాస్తులు, ఈఏడీ (పని చేసుకునే అనుమతి పత్రం), లైసెన్సు కాగితాల గొడవ ఆ వారమే మొదలుపెట్టకండి.

ఫెయిలైతే మొదటి రోజు ఏ ప్రణాళికా వద్దు. కోచింగ్ సెంటరుకు ఫోను చేయడం, మళ్లీ ఎప్పుడు రాయవచ్చో క్యాలెండర్ తీయడం ఆ రోజు చేయవలసిన పనులు కావు. బయటి దేశాల్లో చదివినవారికి ఈ పరీక్ష నిజంగానే కష్టం. 2023లో అమెరికాలో చదివి మొదటిసారి రాసినవారిలో 88 శాతానికి పైగా పాసయ్యారు, బయట చదివినవారి శాతం దానికి చాలా కింద ఉంది. వాళ్లకు చదువు తక్కువై కాదు. మన దగ్గర పరీక్ష అంటే జబ్బు నిర్వచనం, లక్షణాలు, చికిత్స, నర్సింగ్ కేర్ అని పేజీలు నింపడం. ఇక్కడ నలుగురు రోగుల్లో ముందు ఎవరి దగ్గరికి వెళ్తావు, ఏ పని సహాయకురాలికి అప్పగిస్తావు, డాక్టరుకు ఫోను చేసే ముందు నువ్వేం గమనిస్తావు అని అడుగుతారు. వార్డులో మన నర్సులు రోజూ చేసే పనే అయినా, దాన్ని ఈ దేశపు నిబంధనల ప్రకారం ఇచ్చిన జవాబుల్లోంచి ఎంచి చూపడం వేరే అభ్యాసం.

ఫెయిలైనవారికి ఒక నివేదిక వస్తుంది. ఒక్కో విభాగంలో ఆమె ఉత్తీర్ణత స్థాయికి పైన ఉన్నారా, దగ్గరలో ఉన్నారా, కింద ఉన్నారా అని అందులో ఉంటుంది. 150 దాకా వెళ్లినవారి నివేదికలో ‘దగ్గరలో’ అన్న మాట చాలాచోట్ల కనిపిస్తుంటుంది. ఆమె అడిగినప్పుడు మాత్రమే దాన్ని కలిసి చదవండి. మళ్లీ రాయడానికి కనీసం 45 రోజులు ఆగాలి, కొత్తగా నమోదు చేసుకుని ఫీజు కట్టాలి, పరీక్ష రాసే అనుమతి మళ్లీ రావాలి. ఎన్నిసార్లు, ఎన్నేళ్లలోపు రాయవచ్చన్న విషయంలో రాష్ట్రాలకు సొంత నియమాలు ఉంటాయి కాబట్టి టెక్సాస్ బోర్డు నియమాలు మీరు చదివి పెట్టుకోండి. ఆ కాగితాల పని మీరు చేయవచ్చు, వంట మీరు చేయవచ్చు, చదువుకునే వేళల్లో ఫోన్లు మీరు ఎత్తవచ్చు. తేదీ మాత్రం ఆమెనే ఎంచుకోనివ్వండి.